నడిమి గది

జూన్ 11, మంగళవారం

తాగుడు మానేసి నేటికి నలభై రోజులు. సాయంత్రమైతే చెయ్యి ఊరుకోదు, అప్పుడు ఏదో ఒకటి రాసుకోమన్నారు మాన్పించిన డాక్టరుగారు. మా ఆవిడ జయమ్మ వెళ్ళి ఈ పుస్తకం కొనుక్కొచ్చింది. ఏం రాయాలో ఆయనా చెప్పలేదు, ఈవిడా చెప్పలేదు.

నాది రాసే ఉద్యోగం కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మా గవర్నమెంటు ఆసుపత్రి మార్చురీలో శవాలు కోస్తున్నాను. రూలు ప్రకారం డాక్టరు కొయ్యాలి, నేను పక్కన నిలబడి సాయం చెయ్యాలి. జరిగేది తిరగేసి. కోసేది నేను, చూసేది నేను, పైకి చెప్పేది నేను. డాక్టరు కిటికీ దగ్గర ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుని, నేను చెప్పింది ఇంగ్లీషులో రాసి సంతకం పెడతారు. ఎంతమంది డాక్టర్లు వచ్చి వెళ్ళారో. ఒక్కరి రిపోర్టు కూడా కోర్టులో తప్పని తేలలేదు. ఎవరి చలవ? ఈ సాలమోను చలవ. ఆ మాట ఒక్కడూ అనలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడున్నావిడ డాక్టర్ హారికగారు. వచ్చి రెండు నెలలు. మా అమ్మాయి పింకీ వయసే ఉంటుంది. నన్ను ‘గారు’ అని పిలిచిన మొదటి డాక్టరు. ఇవాళ ఐ.పోలవరం నుంచి రొయ్యల చెరువు దగ్గర కరెంటు కొట్టిన కేసు. ఛాతీ తెరిచాక కిటికీ దగ్గర నుంచి అడిగారు.

“మీడియాస్టైనం ఎలా ఉంది సాలమోనుగారూ?”

“నడిమి గది బాగుందండీ. నెత్తురు లేదు, నీరు లేదు.”

నవ్వారు. నడిమి గది అన్న పేరు నాకు పని నేర్పిన పాత డాక్టరు పెట్టింది. ముందు గోడ రొమ్ము ఎముక. వెనక గోడ వెన్నుపూసలు. అటొకటి ఇటొకటి ఊపిరితిత్తులు. ఆ మధ్యన ఉన్నదే నడిమి గది. గుండె, గుండెలోంచి పైకి లేచి వంపు తిరిగి వెన్ను వెంట దిగే పెద్ద ధమని, గాలి గొట్టం, తిండి గొట్టం, నరాలు, అన్నీ అందులోనే ఇరుక్కుని ఉంటాయి. కడుపులో కత్తి దిగినవాడు ఆసుపత్రి దాకా తిట్టుకుంటూ వస్తాడు. ఈ గదిలో ఇనుము దిగినవాడికి తిట్టడానికి కూడా టైముండదు.

తాగలేదు.

జూన్ 16, ఆదివారం

చర్చి అయ్యాక పింకీ, అల్లుడు శ్యామ్ సుందర్ భోజనానికి వచ్చారు. అల్లుడు అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల యార్డులో మేస్త్రీ. ముప్పై మంది కూలీలు అతని మాట మీద ఉంటారు. మంచి బండి, మంచి మాట. నన్ను మాయ్యగారూ అనకుండా ముద్ద ఎత్తడు.

ఇంత ఉక్కలోనూ పింకీ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది. కూర గిన్నె అందుకుంటుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. కమిలిన మచ్చ. మధ్యలో ఊదా, అంచు ఆకుపచ్చ. ఐదారు రోజులది.

తలుపు తగిలిందట. తగిలే ఉంటుంది.

జూన్ 20, గురువారం

పని లేదు. వాన. తాగలేదు.

జూన్ 24, సోమవారం

చేతులు నాలుగు సార్లు కడిగాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరు చూడొచ్చారు?

పొద్దున్న తొమ్మిదింటికి వ్యానులో శవం వచ్చింది. భాస్కర్, ముప్పై నాలుగేళ్ళు, కొబ్బరికాయలు ఒలిచే కూలీ. అంబాజీపేట దగ్గర యార్డు. కాయ ఒలవడానికి నేలలో గునపం పాతుతారు, మోకాలెత్తు, మొన పైకి ఉంటుంది. ఆ గునపం ఇతని ఛాతీలో దిగింది.

ఎస్సైగారు హారికగారికి చెప్పడం విన్నాను. “ఏదో గొడవయ్యిందండీ. తోపులాటలో గునపం మీద పడిపోయేడని మేస్త్రీ అంటన్నాడు. పీకి పొడిచేసేడని చచ్చిపోయినోడి పెళ్ళాం అంటంది, కానీ ఆవిడ అక్కడ లేదు. ఉన్నోళ్ళెవరూ నోరిప్పట్లేదు. పడ్డాడో, పొడిచేడో, మీరే తేల్చాలండి మేడమ్.”

మేస్త్రీ పేరు నేను అడగలేదు. అప్పటికే జయమ్మ ఫోను చేసింది. “ఏవండీ, అల్లుణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టేరంట. పింకీకి నోట మాట రావట్లేదు. ఏదోటి చూడండి.”

ఇతను నీకేమవుతాడని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

గేటు బయట భాస్కర్ వాళ్ళ ఊరంతా దిగింది. వాళ్ళావిడ వీరవేణి ఇటుక ముక్కతో గేటు బాదుతోంది, వేళ్ళు చితికి నెత్తురోడుతున్నా ఆపట్లేదు. మగాళ్ళు రాళ్ళు రువ్వారు. ఒక కానిస్టేబుల్‌కి నుదురు చిట్లింది. పోలీసులు లాఠీలు ఎత్తారు. నేను రొమ్ము ఎముకకి అటూ ఇటూ పక్కటెముకలు కత్తిరించే వేళకి కిటికీ అద్దం పగిలి హారికగారి మోచేతిలో పెంకు దిగింది. ఆవిడ కుర్చీ గోడ మూలకి లాక్కుని, చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. అక్కణ్ణుంచి బల్ల మీద ఏముందో కనబడదు.

రొమ్ము ఎముక ఎత్తేసరికి నెత్తురు పొంగి బల్ల అంచు దాటి నా బూట్లలో పడింది. పైన గాయం రొమ్ము ఎముక ఎడమ అంచున, రెండో పక్కటెముక దగ్గర. లోపల పెద్ద ధమని మొదట్లోనే చీరుకుపోయింది. గుండె సంచి నిండా నెత్తురు గడ్డ. దోసిళ్ళతో తోడి వేలు పోనిచ్చాను. వేలు కిందికి, కడుపు వైపుకి దిగుతోంది. ఇంకా కిందికి. తిండి గొట్టం తెగి వేలాడుతోంది. చివర, మెడ కింద నుంచి లెక్కపెడితే ఎనిమిదో వెన్నుపూసలో గుంట. నా చిటికెన వేలి గోరు పట్టింది అందులో.

నేలలో పాతిన గునపం మీద ముందుకి పడ్డవాడికి దెబ్బ కింద నుంచి పైకి పోతుంది. ఎత్తి దింపితేనే పై నుంచి కిందికి. దీనికి డాక్టరీ చదవక్కర్లేదు.

“ఎటు పోయిందండీ? ఎక్కడ ఆగింది?” మూల నుంచి హారికగారు.

బయట ఇంకో అద్దం పగిలింది.

“మూడో పూసండీ. కింద నుంచి పైకి.”

“మూడోదేనా?”

“ఆయ్.”

రాసుకున్నారు. సంతకం పెట్టి, చేతికి కుట్లు వేయించుకోవడానికి వెనక తలుపు నుంచి వెళ్ళిపోయారు. నేను తలుపు గడియ పెట్టి, ఉలి తీసి మూడో పూస మీద ఆనించి, సుత్తితో ఒక్కటి వేశాను. ఎవరైనా మళ్ళీ చూస్తే ఏదో ఒకటి కనబడాలి కదా. ఒక్క దెబ్బకి దిగలేదు. మూడు వేశాను. తర్వాత కుట్టేశాను. బాగా కుట్టాను.

శవాన్ని అప్పగిస్తుంటే వీరవేణి నా మోకాళ్ళు పట్టేసుకుంది. “బాబూ, నువ్వు లోపల చూసేవు కదా. నీకు తెలుసు కదా.”

“డాక్టరుగారు రాసేరమ్మా,” అన్నాను.

సాయంత్రం మట్టిలో పెట్టేశారట. బూట్లు పారేశాను. తాగాను.

జూన్ 25, మంగళవారం

నేను అన్నది ఒక్క అంకె. రాసింది డాక్టరు. సంతకం డాక్టరుది. తేల్చాల్సింది పోలీసులు. వాళ్ళ పని వాళ్ళు చేసుకోవాలి. నాకేం సంబంధం?

పింకీకి ఇరవై ఆరేళ్ళు. మొగుడు జైలుకి పోతే దానికి దిక్కెవరు? తండ్రి అన్నవాడు ఎవడైనా ఇదే చేస్తాడు.

జూలై 3, బుధవారం

పింకీ ఒక్కతే వచ్చింది. గుమ్మంలోనే అడిగింది.

“పడి చచ్చిపోయేడని రిపోర్టు వచ్చిందంట. ఆయన్ని వదిలేస్తారంట. నువ్వు లేవా నాన్నా ఆ రోజు డ్యూటీలో?”

“ఉన్నాను.”

“నువ్వే కోసేవా?”

“నేనే కోసేను.”

“మరి?”

తలుపు వేసి మొత్తం చెప్పాను. ఎనిమిదో పూస, మూడో పూస, ఉలి. సంతోషిస్తుందనుకున్నాను. నిజంగా అనుకున్నాను. గోడకి జారబడి కింద కూర్చుండిపోయింది.

“నేనక్కడే ఉన్నాను నాన్నా,” అంది. “అన్నం కేరేజీ పట్టుకెళ్ళేను. ఆలస్యమయ్యిందని నా జుట్టు పట్టుకుని కాయల గుట్టకేసి కొట్టేరు, అందరి ముందూ. భాస్కరన్న వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆడపిల్లనేంటి మేస్త్రీ అన్నాడు, అంతే. గునపం పీకేరు, ఎత్తేరు, దింపేసేరు. భాస్కరన్న కాయల మధ్యన కూర్చుండిపోయి నా వంకే చూసేడు. నోట్లోంచి నెత్తురొస్తా ఉంది, అయినా చూస్తానే ఉన్నాడు.”

“ఎస్సైగారికి ఎందుకు చెప్పలేదే?”

“నోరిప్పితే నీకూ ఇదే గునపం అన్నారు. అయినా నేను భయపడలేదు. ఎందుకంటే శవం నీ దగ్గరకే వస్తుంది. మా నాన్న చూస్తాడు, మా నాన్న చెప్తాడు, నేను మాట్లాడక్కర్లేదు అనుకున్నాను. నీ చెయ్యి తప్పు చెప్పదని చిన్నప్పట్నుంచీ నువ్వే కదా చెప్పేవు.”

“నీ కోసమే చేసేనే పిచ్చిదానా!”

“నన్నడిగేవా?”

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే చెయ్యి లేచింది కూడా. దించేశాను. మగాడన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి జారుతుంది, మీ అమ్మని నేను రెండు మూడు సార్లు కొట్టలేదా, ఇప్పుడు బాగా లేమా అన్నాను. వంటింట్లోంచి జయమ్మ గరిటె పట్టుకుని వచ్చింది.

“రెండు మూడు సార్లా?” అంది. “బాగున్నామని ఎవరు చెప్పేరు మీకు?”

వెళ్ళేటప్పుడు పింకీ అడిగింది, డాక్టరమ్మకి నిజం చెప్తావా అని. చెప్తానన్నాను. రేపు చెప్తాను.

జూలై 4

హారికగారు సెలవు.

జూలై 8, సోమవారం

హారికగారు వచ్చారు. చేతికి కట్టు తీసేశారు. రెండు కేసులు చేశాము. చెప్పడానికి వీలు పడలేదు.

జూలై 11, గురువారం

అల్లుణ్ణి వదిలేశారు. యాపిల్ పళ్ళ బుట్టతో వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పెరట్లోకి తీసుకెళ్ళి మెల్లిగా చెప్పాను, “నీ ప్రాణం నా నోట్లోంచి వచ్చిందబ్బాయ్. ఎనిమిదో పూసని మూడో పూస అన్నాను. ఇంకోసారి నా కూతురి మీద చెయ్యి పడిందో, ఆ అంకె మళ్ళీ మారుతుంది.”

భయపడతాడనుకున్నాను. చేతిలోని యాపిల్ చొక్కాకి తుడుచుకున్నాడు.

“ఆయ్, మాయ్యగారూ,” అన్నాడు. “మారితే మీరూ లోపలికొస్తారు కదండీ. మనిద్దరం ఒక కంచంలోనే తినాలి ఇంక.” యాపిల్ కొరుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

జూలై 14, ఆదివారం

అల్లుడు బయటికొచ్చాడని తెలిసి పింకీ మా ఇంటికొచ్చేసింది. ఇవాళ అతను తీసుకెళ్ళడానికొస్తే వెళ్ళనంది. జయమ్మ కూడా పంపనంది. వెళ్ళకపోతే ఊళ్ళో నాలుగు రకాలుగా అనుకుంటారు, పోలీసులు మళ్ళీ తవ్వుతారు, అప్పుడు అందరం పోతాం అని నేనే సర్ది చెప్పాను. నేనే బ్యాగు తీసుకెళ్ళి బండి మీద పెట్టాను. పింకీ ఏడవలేదు. నా వంక చూడలేదు కూడా.

కొన్నాళ్ళు పోతే అన్నీ సర్దుకుంటాయి. అతను భయం తెలిసినవాడు.

జూలై 27, శనివారం

రాయలేను.

జూలై 28, ఆదివారం

రాస్తాను. నిన్న సాయంత్రం ఐదున్నరకి నేను మార్చురీ కడుగుతుంటే హారికగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. అంబులెన్సులో పింకీ. మెట్ల మీంచి పడిందని అల్లుడి వాళ్ళు దించేసి పోయారు. మెట్ల మీంచి పడ్డవాళ్ళకి మోచేతులు పగులుతాయి, మోకాళ్ళు పగులుతాయి. దాని మోచేతులు శుభ్రంగా ఉన్నాయి. గుండెల మీద చెప్పు అచ్చు ఉంది. మడమ ఎక్కడ దిగిందో, వేళ్ళు ఎక్కడ ఆనాయో తెలుస్తోంది. కింద పడేసి తొక్కాడు నా కూతుర్ని. ఒక్కసారి కాదు.

హారికగారు ఎక్స్‌రే లైటు ముందు పెట్టారు. “రొమ్ము ఎముక అడ్డంగా విరిగిందండీ. మీడియాస్టైనం వెడల్పుగా కనబడుతోంది. లోపల ఎక్కడో నెత్తురు పోతోంది. కాకినాడ పంపించేస్తున్నాను, ఇప్పుడే.”

ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని వందల సార్లు ఆ గది తెరిచి చూశానో. మూసి ఉండగా, లోపల గుండె కొట్టుకుంటూ ఉండగా చూడటం ఇదే మొదటిసారి. తెల్లటి నీడ, ఉండాల్సిన దానికంటే రెండు వేళ్ళు ఎక్కువ. పెద్ద ధమని చిట్లిందా, చిన్న సిరలేనా, ఆ నీడ చెప్పదు. తెరిస్తే తప్ప నాకేదీ తెలియదు. తెరిచి చూసే విద్య తప్ప నాకేదీ రాదు. బయట బెంచీ మీద కూర్చుని పెద్దగా ఏడ్చాను, అందరూ చూస్తుండగా.

జయమ్మ అంబులెన్సులో ఎక్కింది. నన్ను ఎక్కనివ్వలేదు. “మీరొద్దు,” అంది.

నేను మార్చురీలోకి వెళ్ళి పెద్ద కత్తి తీసుకుని అల్లుడి ఇంటికి వెళ్ళాను. వసారాలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. కత్తి మొన రొమ్ము ఎముక ఎడమ అంచున, రెండో పక్కటెముక కింద ఆనించాను. ఎంత నొక్కాలో నాకు తెలుసు. అతనికి చెమటలు పట్టాయి. చొక్కా మీద చుక్క నెత్తురు పొడిచింది. ఇంకా నొక్కాను.

“మాయ్యగారూ,” అన్నాడు. “నన్ను కోసేది కూడా మీరేగా. నాకు ఏ పూస చెప్తారండీ?”

చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందో ఇప్పటికీ తెలియదు, కానీ ఆగింది. అంతే, నా మణికట్టు దొరకబుచ్చుకుని, వేళ్ళని తలుపు సందులో పెట్టి తన్నాడు తలుపుని. మళ్ళీ తన్నాడు. నా ఎముకలు విరిగిన చప్పుడు నాకే వినబడింది. పక్కింటివాళ్ళు వచ్చి లాగారు.

కుడి చేతి వేళ్ళు నాలుగు విరిగాయి. ఇదంతా ఎడమ చేత్తో రాశాను, పొద్దున్న మొదలెడితే ఇప్పటికయ్యింది.

జూలై 30

ఆపరేషను చేశారు. ధమని కాదు. ఎముక వెనకున్న చిన్న సిరలు. బతుకుతుందట. దేవుడా.

ఆగస్టు 2

హారికగారు వేళ్ళకి కట్టు మారుస్తూ ఎలా విరిగాయని అడిగారు. తలుపు సందులో పడ్డాయన్నాను. చెప్పేద్దామనుకున్నాను. రిపోర్టు తప్పని తేలితే ఆవిడ ఉద్యోగం పోతుంది. చిన్నపిల్ల. ఆవిడ కోసమే ఆగాను.

రేపు చెప్తాను.

ఆగస్టు 5

రేపు.

ఆగస్టు 9

పింఛను ఆగిపోతే జయమ్మ ఏం తింటుంది? పింకీ లేచి కూర్చోనీ. అప్పుడు చెప్తాను.

ఆగస్టు 15

సెలవు.

ఆగస్టు 21, బుధవారం

పింకీని కాకినాడ నుంచి తీసుకొచ్చి నేరుగా కోర్టుకి తీసుకెళ్ళింది జయమ్మ. నాకు చెప్పలేదు. మేజిస్ట్రేటుగారి ముందు గంటన్నర మాట్లాడిందట. మధ్యలో ఊపిరి ఆడక రెండు సార్లు ఆగిందట. సాయంత్రానికి శ్యామ్ సుందర్‌ని రాజోలు వైపు ఎక్కడో పట్టుకున్నారు.

ఇంటికొచ్చాక మంచం మీద పడుకోబెట్టాము. మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది.

“నీ పేరు కూడా చెప్పేను నాన్నా,” అంది. “ఎనిమిదో పూస, మూడో పూస, ఉలి, అన్నీ. డాక్టరమ్మది తప్పు లేదని కూడా చెప్పేను.”

ఒళ్ళు మండిపోయింది నాకు. “నన్ను కూడా ఇరికించేవేంటే? కన్న తండ్రిని!”

“ఏడు వారాలు చూసేను,” అంది. “నువ్వు చెప్తావని. గుండెల మీద తొక్కుతున్నప్పుడు కూడా అదే అనుకున్నాను. ఈపాటికి మా నాన్న చెప్పేసి ఉంటాడు, జీపు వస్తుంది, వస్తుంది అని.”

గొంతు పెంచి మాట్లాడితే కుట్లు లాగుతాయి దానికి. అందుకే మెల్లిగా మాట్లాడింది. నేను బయటికొచ్చి వసారాలో కూర్చున్నాను. జయమ్మ దీపం వేసి లోపలికి వెళ్ళిపోయింది, అన్నానికి పిలవలేదు.

ఆగస్టు 22, గురువారం

హారికగారికి ఫోను చేశాను. ఎత్తారు. “మీరు చెప్పారని రాశానండీ,” అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను ఏదో అనబోయేసరికి పెట్టేశారు.

పన్నెండింటికి ఎస్సైగారు వచ్చారు. ఇదివరకు ‘సాలమోనూ’ అనేవారు, ఇవాళ ఏ పేరూ పెట్టలేదు. పింకీ చెప్పింది నిజమేనా అన్నారు.

“నిజమేనండీ,” అన్నాను. రెండు నెలలు నోట్లో నానిన మాట. చెప్పడానికి పట్టుమని ఒక్క నిమిషం పట్టలేదు.

రేపు పొద్దున్న తహశీల్దారుగారి ఎదుట భాస్కర్‌ని తవ్వి తీస్తారు. కాకినాడ నుంచి పెద్ద డాక్టర్లు వస్తున్నారు. వెన్నులో రెండు గుంటలుంటాయి కదా, ఏది గునపం దెబ్బో, ఏది నా ఉలి దెబ్బో చూపించడానికి నన్ను రమ్మన్నారు. అక్కణ్ణుంచే స్టేషనుకి తీసుకెళ్తారట. వీరవేణి కూడా వస్తుందని చెప్పారు, ఆవిడ ముందే చూపించాలట.

చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమని జయమ్మని అడిగాను. వినబడనట్టు వెళ్ళిపోయింది. పింకీ లేవబోయింది. వద్దని, ఎడమ చేత్తో నేనే చేసుకున్నాను.